కీమో ముగిసిన తరువాత: ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో భర్తకు తోడుగా నిలిచే భార్యకు మార్గదర్శి

ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని తెలిసి, మూడు వారాలకొకసారి చొప్పున డోసిటాక్సెల్ కీమో విడతలన్నీ పూర్తి చేసుకుని భర్త ఇంటికి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకోవడం సహజం. సెలైన్లు ఎక్కించడం, డే కేర్ వార్డులో గంటల తరబడి కూర్చోవడం ఆగిపోయాయి గనుక చికిత్స కూడా ముగిసిందని బంధువులు అనుకుంటారు. అయితే ఈ దశలో ఇచ్చే కీమో జబ్బును అదుపులోకి తెచ్చి, నొప్పిని తగ్గించి, ఆయుర్దాయాన్ని పెంచడానికి ఉద్దేశించినది. అది ముగిసిన తరువాత కూడా హార్మోను చికిత్స, ఎముకలను కాపాడే మందులు, క్రమం తప్పని పరీక్షలు కొనసాగుతూనే ఉంటాయి. ఇంతకాలం నర్సులూ డ్యూటీ డాక్టర్లూ గమనించిన మార్పులను ఇకమీదట ఇంట్లో ఉన్న మీరే ముందుగా గమనించవలసి వస్తుంది. ఆ పనిని భయం లేకుండా, ఆయన జీవితానికి సంబంధించిన నిర్ణయాలను ఆయన చేతిలోనే ఉంచుతూ ఎలా చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. మందుల మోతాదులను, చికిత్సలో మార్పులను మాత్రం ఎప్పుడూ మీ క్యాన్సర్ డాక్టరే నిర్ణయించాలి.

మొదటి ఓపీలో అడగవలసినవి

చివరి విడత తరువాత డాక్టరును కలిసినప్పుడు అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న, జబ్బు హార్మోను చికిత్సకు ఇంకా లొంగుతున్న దశలో ఉందా, లేక లొంగని దశకు చేరిందా అన్నది. ప్రోస్టేట్ క్యాన్సర్ టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను ఆధారంగా పెరుగుతుందని, దానిని తొలగిస్తే జబ్బు తగ్గుముఖం పడుతుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లోనే చూపించాడు, ఆ కృషికి ఆయనకు 1966లో నోబెల్ బహుమతి లభించింది. ఇప్పటికీ వృషణాలను తొలగించే ఆపరేషనైనా, నెలకో మూడు నెలలకో ఒకసారి వేసే ల్యూప్రోలైడ్ వంటి ఇంజెక్షనైనా చేసే పని అదే. కాబట్టి ఇంజెక్షన్ల మీద ఉన్నవారు, డాక్టరు చెబితే తప్ప, కీమో అయిపోయిందన్న కారణంతో వాటిని ఆపకూడదు, తేదీ దాటనివ్వకూడదు. తరువాతి తేదీని వంటింటి క్యాలెండరులో గుర్తు పెట్టి ఉంచడం మంచిది.

ఇప్పుడు వాడుతున్న మందు పనిచేయడం మానేస్తే తరువాత ఏ మార్గాలు ఉన్నాయన్నది రెండవ ప్రశ్న. అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్ వంటి మాత్రలు, కెబాజిటాక్సెల్ అనే మరో కీమో, క్యాన్సర్ కణాలకు అంటుకుని లోపలి నుంచే రేడియేషన్ ఇచ్చే లుటీషియం-177 పీఎస్ఎంఏ చికిత్స, కొన్ని జన్యు లోపాలు ఉన్నవారికి ఒలాపరిబ్ మాత్రలు మన దేశంలో దొరుకుతున్నాయి. అందరికీ అన్నీ సరిపడవు, అన్నీ అందరికీ అవసరమూ కావు. అయినా ముందున్న దారి గురించి కొంత తెలిసి ఉంటే, రేపు ఒక రిపోర్టు బాగా లేకపోయినప్పుడు ఇద్దరూ ఒక్కసారిగా కుంగిపోకుండా ఉండగలుగుతారు.

జన్యు పరీక్ష సంగతి కూడా తప్పక అడగండి. జబ్బు ఇతర భాగాలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులకు బీఆర్‌సీఏ వంటి జన్యువులను పరీక్షించుకోమని నిపుణులు సూచిస్తున్నారు. లోపం ఉన్నట్లు తేలితే ఆయన చికిత్సకు కొత్త దారి దొరకవచ్చు. అది వంశపారంపర్యమైనదైతే అన్నదమ్ములూ కొడుకులూ ముందుగానే పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి తయారు చేసే ఒక ప్రొటీన్‌ను రక్తంలో కొలిచే) పరీక్షలు చేయించుకోవాలి, కూతుళ్లకు రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు గురించి సలహా తీసుకోవాలి.

ఇదే సమయంలో ఒక ఫైలు, ఒక నోటుపుస్తకం సిద్ధం చేసుకోండి. ఫైలులో బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి కాగితాలు, స్కాన్ రిపోర్టులూ సీడీలూ, కీమో ఇచ్చిన తేదీలూ మోతాదులూ, పడని మందుల పేర్లు, ఇప్పుడు వాడుతున్న మందుల జాబితా ఉండాలి. బీపీ, షుగరు మాత్రలు, ఎవరో చెప్పగా వాడుతున్న ఆయుర్వేద చూర్ణాలు కూడా ఆ జాబితాలోకి రావాలి, ఎందుకంటే వాటిలో కొన్ని కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని క్యాన్సర్ మందుల పనిని అడ్డుకుంటాయి. నోటుపుస్తకంలో రోజుకు రెండు మూడు వాక్యాలు చాలు: నొప్పి ఎక్కడ, ఎంత, నిద్ర ఎలా పట్టింది, ఏమి తినగలిగారు, విరేచనం అయిందా, కొత్తగా ఏమైనా కనిపించిందా. ఓపీలో డాక్టరు మీకు ఇవ్వగలిగిన సమయం తక్కువ. ఆ కొద్ది సమయంలో "బాగా నీరసంగా ఉంటున్నారండీ" అనడం కన్నా "పదిహేను రోజులుగా మధ్యాహ్నం భోజనం తరువాత లేవలేకపోతున్నారు, అంతకుముందు సాయంత్రం గుడిదాకా నడిచి వచ్చేవారు" అని చెప్పగలిగితే ఆయనకు ఎంతో మేలు జరుగుతుంది.

పీఎస్ఏ అంకె గురించి

సాధారణంగా మూడు నెలలకొకసారి చేసే ఈ రక్తపరీక్ష చుట్టూ ఇంటి మనశ్శాంతి అంతా తిరగడం మొదలవుతుంది. పరీక్షను వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి, ఎందుకంటే ల్యాబు మారితే అంకెలో కొంత తేడా రావచ్చు. ఒక్క అంకెను చూసి డాక్టర్లు చికిత్స మార్చరు. వరుసగా వచ్చిన అంకెల పోకడను, స్కాన్లను, మనిషి ఎలా ఉన్నాడన్నదానిని కలిపి చూస్తారు. కీమో మొదలైన తొలి వారాలలో పీఎస్ఏ కొంత పెరిగి, ఆ తరువాత తగ్గడం కూడా ఉంటుంది. ఇందుకు విరుద్ధంగా, పీఎస్ఏ పెద్దగా పెరగకుండానే జబ్బు ముదిరే సందర్భాలూ ఉన్నాయి గనుక, అంకె బాగుంది కదా అని కొత్తగా వచ్చిన నొప్పిని కొట్టిపారేయకూడదు. రిపోర్టు ఫోనుకు వచ్చిన రాత్రే కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టి అందరి వ్యాఖ్యానాలూ వినడం ఇద్దరికీ నిద్ర లేకుండా చేస్తుంది. అది ఎవరికి, ఎప్పుడు చెప్పాలో ఆయన నిర్ణయానికే వదలడం మేలని నా అభిప్రాయం.

ఆలస్యం చేయకూడని పరిస్థితులు

ఈ భాగాన్ని మీరొక్కరే చదివి ఊరుకోకుండా, ఇంట్లో ఉండే మరొకరికి కూడా చదివి వినిపించండి.

మొదటిది జ్వరం. డోసిటాక్సెల్ ఇచ్చిన తరువాత వారం, పది రోజులకు తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి, అవి తిరిగి కోలుకోవడానికి మరికొంత సమయం పడుతుంది. చివరి విడత తరువాత మొదటి నెలలో ఒంటి వేడి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినా, చలితో వణికినా, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి ఫోను చేసి బయలుదేరాలి. పారాసిటమాల్ మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోవడం, ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గర ఒక సూది వేయించి ఊరుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది, ఎందుకంటే రోగనిరోధక శక్తి లేనప్పుడు ఇన్ఫెక్షను గంటల వ్యవధిలో రక్తమంతా పాకగలదు. స్టెరాయిడ్ వాడుతున్నవారిలో జ్వరం పైకి తెలియకపోవచ్చు కాబట్టి, మనిషి అకస్మాత్తుగా నీరసించి మాట తడబడుతున్నా అదే తొందర అవసరం. చెమటలు పట్టి ఒళ్లు చల్లబడితే జ్వరం దిగిందని సంతోషించకండి, బీపీ పడిపోతున్నదేమో చూపించండి.

రెండవది వెన్నుపాము మీద ఒత్తిడి. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు పాకడం సర్వసాధారణం. అక్కడ పెరిగిన కణితి గాని, కుంగిన వెన్నుపూస గాని వెన్నుపామును నొక్కితే కాళ్లు శాశ్వతంగా పడిపోయే ప్రమాదం ఉంటుంది. వీపులోనో మెడలోనో కొత్తగా వచ్చి రోజురోజుకూ పెరిగే నొప్పి, పడుకున్నప్పుడు, దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు ఎక్కువయ్యే నొప్పి, ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్లు అనిపించడం, కాళ్లు బరువెక్కి మెట్లు ఎక్కలేకపోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా మలమూత్రాలు తెలియకుండా పోవడం దీని సూచనలు. మన దగ్గర ఇటువంటి నొప్పిని నరం పట్టిందనో సయాటికా అనో అనుకుని నడుము తొక్కించడం, తైలంతో గట్టిగా మర్దన చేయించడం అలవాటు. క్యాన్సర్ సోకిన ఎముక మీద అటువంటి ఒత్తిడి పడితే అది విరిగిపోవచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, "ఎముకలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ ఉంది, వెన్నుపాము సంగతి చూడండి" అని ఆ మాటలతోనే చెప్పి, ఎంఆర్ఐ గురించి అడగండి. నడవగలుగుతుండగా చికిత్స మొదలైనవారే ఆ తరువాత కూడా నడవగలిగే అవకాశం ఎక్కువ. వాహనం దొరకకపోతే 108కు ఫోను చేయండి.

వీటితోపాటు మూత్రం పూర్తిగా ఆగిపోవడం, మూత్రంలో రక్తపు గడ్డలు పడటం, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం రావడం కూడా మరునాటికి వాయిదా వేయదగినవి కావు. చివరి రెండూ రక్తం గడ్డకట్టడం వల్ల రావచ్చు, క్యాన్సర్ ఉన్నవారిలో ఆ ముప్పు ఎక్కువ.

నొప్పిని ఓర్చుకోనివ్వకండి

మన మగవారిలో చాలామంది నొప్పిని చెప్పుకోవడం చిన్నతనంగా భావిస్తారు. మరికొందరు నొప్పి ఉందంటే జబ్బు పెరిగిందంటారేమోనన్న భయంతో దాచిపెడతారు. "నొప్పిగా ఉందా" అని అడిగితే "ఏం లేదు" అన్న జవాబే వస్తుంది. దానికి బదులు "సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనంత, ఇప్పుడు ఎంత?" అని ఒక అంకె చెప్పమని అడగండి. ఆయన మంచం మీద పక్కకు ఒత్తిగిలడం, కుర్చీలోంచి లేవడం, మొహం చిట్లించడం గమనించి రాసుకోండి.

ఎముక నొప్పికి మంచి చికిత్సలు ఉన్నాయి. నొప్పి ఉన్న చోట ఒక్కసారి ఇచ్చే 8 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్‌తోనే చాలామందికి ఉపశమనం కలుగుతుంది, దాని పూర్తి ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలను, కడుపును దెబ్బతీయగలవు గనుక వాటిని సొంతంగా వాడకూడదు. డాక్టరు మార్ఫిన్ రాసినప్పుడు ఇంట్లో భయం మొదలవుతుంది, "అంటే చివరికి వచ్చేసినట్లేనా?" అన్న ప్రశ్న వస్తుంది. మార్ఫిన్ నొప్పి తీవ్రతను బట్టి ఇచ్చే మందు. అది ఆయుష్షుకు సూచిక కాదు, క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడేవారు దానికి బానిసలు కావడం అరుదు. నొప్పి వచ్చాక వేసుకోవడం కన్నా, గడియారం చూసి వేళకు వేసుకుంటే తక్కువ మందుతోనే నొప్పి అదుపులో ఉంటుంది. మొదటి కొద్ది రోజులు మగత, వాంతి వచ్చినట్లుండటం ఉండవచ్చు, అవి సాధారణంగా సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం దానంతటది తగ్గదు, కాబట్టి మార్ఫిన్ మొదలైన రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయించుకోవాలి. లేపినా లేవనంత మగత, శ్వాస బాగా నెమ్మదించడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించిన తరువాత గుర్తింపు పొందిన ఆసుపత్రులు మార్ఫిన్ ఇవ్వడానికి దారి సులభమైంది. హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణకూ ఉపశమన వైద్యానికీ ప్రత్యేక విభాగం ఉంది. ఉపశమన వైద్యం అంటే చివరి రోజుల వైద్యమేనన్న అభిప్రాయం వల్ల చాలా కుటుంబాలు అక్కడికి ఆలస్యంగా చేరుతున్నాయి. క్యాన్సర్ చికిత్స జరుగుతుండగానే నొప్పి, ఆయాసం, నిద్రలేమి, దిగులు వంటివాటిని చూసే వైద్యులు వీరు. కీమో ముగిసిన తొలి నెలల్లోనే ఒకసారి కలిసి పరిచయం చేసుకుని ఉండటం చాలా మంచిది.

మందులు, ఎముకలు, ఇల్లు

అబిరాటెరోన్ రాసి ఉంటే దానిని ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి: వేసుకోవడానికి రెండు గంటల ముందు, వేసుకున్న తరువాత ఒక గంట ఏమీ తినకూడదు. పాలు కలిపిన కాఫీని కూడా ఆహారంగానే లెక్కించండి. తెల్లవారుజామున లేవగానే నీళ్లతో మాత్రలు వేసుకుని, గంట గడిచాక కాఫీ, ఆ తరువాత టిఫిను అన్న క్రమం మన ఇళ్లకు బాగా కుదురుతుంది. ఈ మందుతో బీపీ పెరగవచ్చు, పొటాషియం తగ్గవచ్చు, కాళ్లు వాయవచ్చు, కాలేయం మీద ప్రభావం పడవచ్చు, అందువల్ల రక్తపరీక్షలను వాయిదా వేయకండి. దానితోపాటు ఇచ్చే ప్రెడ్నిసలోన్ స్టెరాయిడ్ అని ఎవరో భయపెట్టారని ఒక్కసారిగా ఆపేయకూడదు. అది షుగరును పెంచుతుంది గనుక మధుమేహం ఉన్నవారికి ఇంట్లోనే షుగరు పరీక్షించుకునే ఏర్పాటు ఉండాలి. గర్భవతి అయిన కూతురో కోడలో ఇంట్లో ఉంటే ఆమె ఈ మాత్రలను చేత్తో ముట్టుకోకుండా చూడండి.

హార్మోను చికిత్స వల్ల ఎముకలు పలచబడతాయి, జబ్బు వాటిని ఇంకా బలహీనపరుస్తుంది. ఎముకలను కాపాడే జోలెడ్రోనిక్ యాసిడ్ గాని డెనోసుమాబ్ గాని మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టరుకు చూపించి, తీయవలసిన పళ్లు ఉంటే ముందే తీయించాలి, ఎందుకంటే ఈ మందులు వాడుతుండగా పన్ను తీయిస్తే దవడ ఎముక మానకుండా పుండుపడే ప్రమాదం ఉంది. తరువాత ఎప్పుడు పన్ను నొప్పి వచ్చినా పళ్ల డాక్టరుకు ఈ మందు సంగతి మొదటి మాటగా చెప్పాలి. కాల్షియం, విటమిన్ డి మాత్రలు చిన్నవిగా కనిపించినా డాక్టరు రాసినంతకాలం మానకూడదు.

కీమో వల్ల అరికాళ్లు, వేళ్ల చివరలు తిమ్మిరెక్కి, మొద్దుబారి ఉంటే ఇల్లు కొంత మార్చుకోవలసి ఉంటుంది. ఇంట్లో కూడా మెత్తని, జారని చెప్పులు వేసుకోవాలి. స్నానపు నీళ్ల వేడిని మీరు చూసి చెప్పాలి. షుగరు ఉన్నవారిలాగే రాత్రి పడుకునే ముందు అరికాళ్లలో గాయాలున్నాయేమో చూడాలి. చొక్కా గుండీలు పెట్టుకోలేక విసుగు పడుతుంటే టీ షర్టులూ నాడా లేని పైజామాలూ తెప్పించండి. ఈ తిమ్మిరి చాలామందిలో నెలల మీద తగ్గుతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది. రాత్రిపూట మూత్రానికి పలుమార్లు లేచేవారు చీకట్లో పడిపోయి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది, కాబట్టి మంచం నుంచి బాత్రూమ్ దాకా చిన్న దీపం, గోడకు పట్టుకునే కడ్డీ, తడి లేని నేల ఉండేలా చూడండి. గొంతుకూర్చుని వాడే మరుగుదొడ్డి ఉంటే కమోడ్ కుర్చీ తెప్పించండి. రాత్రి మంచం పక్కన యూరిన్ పాట్ పెట్టుకోవడానికి ఆయన సిగ్గుపడితే, పడిపోతే జరిగే నష్టాన్ని డాక్టరు చేత చెప్పించండి. భార్య చెప్పినప్పుడు చాదస్తమనిపించిన మాటే డాక్టరు చెబితే ఆచరణలోకి రావడం మన ఇళ్లలో తరచుగా జరిగేదే.

నీరసం విశ్రాంతితోనే పోదు. డాక్టరును అడిగి, ఎముకల పరిస్థితి అనుమతించినంత మేరకు, పొద్దుటా సాయంత్రం కొద్దికొద్దిగా నడవడం, కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం వంటివి చేయిస్తే హార్మోను చికిత్స వల్ల కరిగిపోయే కండ కొంత నిలబడుతుంది. నీరసం అసాధారణంగా ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్, నిద్ర, దిగులు, ఇవన్నీ చూడమని అడగండి.

ఆహారం విషయంలో పథ్యాల పేరిట ఆయనను పస్తు పెట్టకండి. పెరుగు, గుడ్డు, చేప, వంకాయ, ఏదో ఒకటి "పడదు" అని వచ్చిపోయేవారు చెబుతూనే ఉంటారు. కండ తిరిగి పట్టడానికి కావలసిన మాంసకృత్తులు మాత్రం వాటిలో చాలావాటిలోనే ఉన్నాయి. చక్కెర పూర్తిగా మానేస్తే క్యాన్సర్ ఎండిపోతుందన్న మాటకు ఆధారం లేదు, మధుమేహం కోసం తగ్గించడం వేరే సంగతి. నోరు రుచి తెలియకపోతే కొద్దిగా నిమ్మరసం, పలుచని మిరియాల చారు, చింతపండు పులుపు కొందరికి ఆకలి పుట్టిస్తాయి. నోటిపూత ఉంటే ఇవి మంట పుట్టిస్తాయి గనుక అప్పుడు మెత్తని పెరుగన్నం, పప్పు వేసిన కిచిడీ, చల్లార్చిన రాగి జావ ఇవ్వండి. పెద్ద భోజనం రెండుసార్లు పెట్టే బదులు కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టడం సులభం.

ఆయన మనసు, మీ దాంపత్యం

డాక్టర్లు అడగనిదీ, భార్యాభర్తలు ఒకరితో ఒకరు చెప్పుకోనిదీ ఇక్కడే ఎక్కువగా ఉంటుంది. టెస్టోస్టిరాన్ లేకపోవడం వల్ల ఉన్నట్టుండి ఒంట్లోంచి వేడి ఆవిర్లు ఎగసి చెమటలు పడతాయి, రొమ్ములు కొంత పెరుగుతాయి, పొట్ట వస్తుంది, కోరిక తగ్గిపోతుంది, అంగస్తంభన ఉండదు. ఎన్నడూ కంటతడి పెట్టని మనిషి చిన్న మాటకే ఏడ్వవచ్చు, లేదా కారణం లేకుండా కసురుకోవచ్చు. వృషణాలు తీయించుకున్నవారిలో మగతనం పోయిందన్న బాధ లోలోపల ఉంటుంది. దానిని ఆయన ఏ స్నేహితుడికీ చెప్పుకోలేరు. ఈ మార్పులు మందు వల్ల వచ్చినవని, మీ మీద ప్రేమ తగ్గి వచ్చినవి కావని ముందు మీరు నమ్మి, తరువాత ఆ మాట ఆయనతో పైకి అనండి. "నాకు మీరు కావాలి, అది లేకపోయినా ఫరవాలేదు" అన్న మాట వినాలని ఎదురుచూస్తూ, అడగలేక, పక్క గదిలోకి మంచం మార్చుకున్న భర్తలు ఎందరో ఉంటారు. ఒకే గదిలో పడుకోవడం, చెయ్యి పట్టుకుని కూర్చోవడం, పాదాలకు మెల్లగా కొబ్బరినూనె రాయడం వంటి స్పర్శకు ఏ అడ్డూ లేదు. ఇద్దరికీ ఇష్టమైతే యూరాలజిస్టుతో ఈ విషయం మాట్లాడవచ్చు, అందులో తలవంచుకోవలసినది ఏమీ లేదు.

నిద్ర, ఆకలి, ఆసక్తి అన్నీ వారాల తరబడి పోయినట్లు కనిపిస్తే, "నేను మీకు బరువు" అన్న మాటలు పెరుగుతుంటే, దానిని జబ్బు మనిషి నిస్పృహ అనుకుని వదిలేయకుండా డాక్టరుకు చెప్పండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆయనకే కాదు, మీకు కూడా అది అందుబాటులో ఉంది.

రోగికి నిజం చెప్పకుండా దాచడం మన కుటుంబాల్లో ప్రేమగా చెలామణి అవుతోంది. డాక్టరు గదిలోకి కొడుకొక్కడే వెళ్లి, బయటికి వచ్చి "అంతా బాగుందన్నారు నాన్నా" అనడం ఎన్నో ఇళ్లలో జరుగుతుంది. నా దృష్టిలో ఇది ఆయనకు అన్యాయం. తన ఒంట్లో జరుగుతున్నది ఆయనకు ఎలాగూ తెలుస్తుంది. చెప్పేవారు లేకపోతే ఆ భయంతో ఒంటరిగా మిగిలిపోతారు. "రిపోర్టుల గురించి మీకు ఎంత తెలుసుకోవాలని ఉంది? అంతా చెప్పమంటారా, ముఖ్యమైనది చెబితే చాలా?" అని ఆయననే అడిగి, ఆయన కోరినంత చెప్పండి. అలాగే ఆయన చేయగలిగిన పనులను ఆయనకే వదలండి. కరెంటు బిల్లు కట్టడం, కౌలు లెక్క చూడటం, మనవడికి లెక్కలు చెప్పడం, ఏదైనా కావచ్చు. పింఛనుదారులైతే ఏటా నవంబరులో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్‌ను ఇంటి నుంచే ఫోనులో ముఖం చూపించి పూర్తి చేయవచ్చు. దానిని పక్కన కూర్చుని ఆయన చేతనే చేయించండి.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లలో మరో చిక్కు ఉంటుంది. దూరంగా ఉన్న బాధతో ప్రతి ఒక్కరూ ఇంటర్నెట్‌లో చదివిన కొత్త మందు గురించి రాత్రిపూట ఫోను చేసి అడుగుతుంటారు. పిల్లల్లో ఒక్కరికి రిపోర్టుల బాధ్యత అప్పగించి, మిగిలినవారు ఆ ఒక్కరినే అడగాలని చెప్పండి. డాక్టరు ఒప్పుకుంటే ఓపీ సమయంలో ఆ ఒక్కరిని వీడియో కాల్‌లో ఉంచవచ్చు. ఊళ్లోని బంధువులు "ఏమైనా కావాలంటే చెప్పు వదినా" అన్నప్పుడు మొహమాటపడకుండా ఒక పనిని పేరు పెట్టి అడగండి: మంగళవారం ఆసుపత్రికి తోడు రావడం, శనివారం మధ్యాహ్నం రెండు గంటలు ఆయన దగ్గర కూర్చోవడం వంటివి.

ఖర్చులు, కాగితాలు, మీ ఆరోగ్యం

ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద చికిత్స పొందుతున్నవారు తదుపరి మందులు, స్కాన్లు, రేడియేషన్‌లలో ఏవి ఆ పథకం కిందికి వస్తాయో ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వర్తించే ఆయుష్మాన్ భారత్ సదుపాయాన్ని కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. అబిరాటెరోన్ జెనెరిక్ రూపంలో దొరుకుతోంది, కంపెనీని బట్టి ధరలో చాలా తేడా ఉంటుంది గనుక డాక్టరును అడిగి మార్చుకోవచ్చు. చికిత్స కోసం రైలులో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపరు, మూడవ ఏసీ తరగతుల్లో టికెట్టు ఉచితం, తోడు వెళ్లేవారికి అవే తరగతుల్లో 75 శాతం రాయితీ ఉంది. ఇందుకు ఆసుపత్రి నుంచి నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం తీసుకోవాలి.

మీ సొంత బీపీ మాత్రలు, షుగరు పరీక్ష, కంటి ఆపరేషను ఆయన జబ్బు పేరిట వాయిదా పడనివ్వకండి. వారంలో ఒక రాత్రయినా మరొకరు ఆయన దగ్గర పడుకునేలా చూసుకుని నిద్రపోండి. మీరు నడుము పట్టేసి మంచాన పడితే ఆయనను లేపి కూర్చోబెట్టేవారు ఉండరు.

ఆయన ఓపికగా ఉన్న రోజుల్లోనే కాగితాల పని చూసుకోవాలి. బ్యాంకు ఖాతాలు ఇద్దరి పేరిట ఉన్నాయా, నామినీ ఎవరు, ఎల్ఐసీ బాండ్లు, పట్టాదారు పాసుపుస్తకాలు, అప్పుల పత్రాలు ఎక్కడున్నాయి అన్నవి ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. వీలునామా ఇద్దరు సాక్షుల సంతకాలతో చెల్లుతుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా చేయిస్తే తరువాత తగాదాలు తగ్గుతాయి. అపశకునమని ఇంట్లో పెద్దలు వారించవచ్చు. ఈ మాటను మీరు ఎత్తడం కష్టంగా ఉంటే, ఆయనే ఎప్పుడైనా "నా తరువాత..." అని మొదలుపెట్టినప్పుడు "అలాంటి మాటలు వద్దు" అని నోరు మూయించకుండా వినండి. అదే సంభాషణలో, జబ్బు ఏ చికిత్సకూ లొంగని స్థితి వస్తే ఐసీయూలో వెంటిలేటరు మీద ఉండటం ఆయనకు ఇష్టమేనా, ఇంట్లో ఉండాలని కోరుకుంటారా, ఇంట్లో సాగకపోతే హైదరాబాదులోని స్పర్శ్ వంటి హాస్పిస్‌కు (చివరి దశలో ఉన్నవారిని చూసుకునే కేంద్రానికి) వెళ్లడానికి సమ్మతమేనా అన్నది అడిగి తెలుసుకోండి. ఇటువంటి కోరికను ముందుగా రాసి ఉంచే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో ఆ పద్ధతిని సరళం చేసింది: ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేత గాని గెజిటెడ్ అధికారి చేత గాని ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది. ఆ పత్రం నకలును చికిత్స చేస్తున్న డాక్టరుకు ఇచ్చి, మరొక నకలును రిపోర్టుల ఫైలులో మొదటి కాగితంగా పెట్టి, అది అక్కడ ఉందని పిల్లలకూ, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే దగ్గరి బంధువుకూ చెప్పి ఉంచండి.